వదిన చేతిలో ఊగిన బొమ్మ

మా వదిన పోయిందన్న మాట, డ్రోను వస్తోందన్న మాట నాకు ఒకే ఫోనులో తెలిశాయి. వదిన అంటే మా ఆయనకు అక్క. తర్లుపాడు దగ్గర పల్లెలో అంగన్‌వాడీ టీచరుగా చేసి రిటైరయిన మనిషి. పొద్దున్నే చాటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతుంటే ఆమె కొడుకు ఫోను చేశాడు.

"అత్తా, అమ్మ పోయింది. తెల్లారుజామున గుండెలో నొప్పన్నది, ఆస్పత్రికి తీసకపోయే లోపలే అయిపోయింది. వీడియో వాళ్ళకు చెప్పినాం, డ్రోను కూడా తెస్తామన్నారు. నువ్వు తొందరగా రా."

ముందు ఏడవాలో, డ్రోను ఎందుకురా అని అడగాలో నాకు తెలియలేదు. మీరే చెప్పండి, తల్లి చావు చెప్పే నోటితో చెప్పాల్సిన మాటేనా అది? మార్కాపురం నుంచి ఆటోలో పోతూ దారంతా భయపడ్డాను. ఆటో బోల్తా కొడుతుందేమో, నేను పోయేసరికి శవం పెట్టెకు మూత వేసేస్తారేమో, నా గుండె కూడా ఆగిపోతుందేమో అని. భయాలు నాకు ఎప్పుడూ ఉన్నవే. అక్కడికి పోయాక మాత్రం భయం పక్కకు పోయి కోపం కూర్చుంది. అది ఇంకా దిగలేదు. నేను చదివింది ఐదో తరగతి. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

రిటైరయ్యాక వదినకు సినిమాలు తీయాలని పుట్టింది. కథల సినిమాలు కాదు. మిరప చేలల్లో కలుపు తీస్తూ ఆడవాళ్ళు పాడుకుంటారు చూడండి, ఆ పాటలు. ముసలామె ఒకతె పోతే ఆమెతో పాటు నాలుగు పాటలు పోతున్నాయని వదినకు దిగులు. వట్టి పాట రికార్డు చేస్తే చాలదట, పాడేటప్పుడు ఆ మొహం కూడా కనబడాలట.

మొదట ఉన్న ఫోనుతోనే తీద్దామనుకుంది. చెయ్యి వణుకుతుందేమోనని నన్ను వెంటబెట్టుకుని మార్కాపురంలో ఒక పెద్ద కెమెరాల షాపుకు పోయింది. అక్కడి కుర్రాడు మా మొహాలు చూసి బల్ల నిండా సామాను పరిచాడు. లైట్లు, ఊగకుండా పట్టే పిడి, భుజాన వేసుకునే ఇంత పెద్ద సంచి. ఇవేమీ లేకుండా తీస్తే బొమ్మ బొమ్మలాగే ఉండదని చెప్పాడు. ఏం తీస్తావమ్మా, ఎక్కడ తీస్తావు అని ఒక్క మాట అడగలేదు. వదినే చెప్పుకుంది, "నాయనా, నేను చేలోకి పోతాండా, పెళ్ళికి కాదు" అని. అయినా వినడు. చివరికి మొహమాటానికి మూడు కాళ్ళ స్టాండు ఒకటి కొన్నది. లేకపోతే ఆ పిల్లాడు మమ్మల్ని వదిలేటట్టు లేడు. ముసలివాళ్ళకు ఏమీ తెలియదని ఇట్లా అంటగట్టడం నాకు ఇప్పటికీ మంటగానే ఉంది.

ఆ స్టాండు తీసుకుపోయి చేలో నిలబెట్టింది. మా వైపు స్టాండు కనబడిందంటే గ్రూపు ఫోటో అని లెక్క. పని చేస్తున్న ఆడవాళ్ళంతా లేచి బోరు దగ్గర మొహాలు కడుక్కున్నారు. కొప్పులు ముడుచుకున్నారు. పొడుగు వాళ్ళు వెనక, పొట్టి వాళ్ళు ముందు వరుసగా నిలబడి చేతులు కిందికి చాపి ఊపిరి బిగబట్టారు. పాడండే అంటే ఒక్కతీ నోరు తెరవదు. బతిమాలగా బతిమాలగా ఒకామె ఎత్తుకుంది. సరిగ్గా అప్పుడే ఆ ఫోనుకు లోను కావాలా మేడం అని ఎవరో పిల్ల ఫోను చేసింది. అందరూ పడీ పడీ నవ్వారు. "టీచరమ్మా, ముందు లోను తీసుకో, పాట రేపు పాడతాం" అన్నది ఆ పాడిన ఆమే.

ఆ సాయంత్రమే స్టాండు కాకరపాదుకు పోయింది.

తర్వాత నేనే బస్టాండు వెనక సందులో రిపేర్లు చేసే భాయి దగ్గరికి తీసుకుపోయాను. మా ఆయన రేడియో ఆ భాయి చేతిలోనే బతికేది. ఎవరో వాడి అమ్మేసిన కెమెరాలు నాలుగు ముందర పెట్టాడు. వదిన ఒక్కొక్కటే కుడిచేత్తో ఎత్తి గుండె దగ్గర పట్టుకునేది. "ఇప్పుడు నాతో ఊరి మాటలేమన్నా చెప్పవే" అనేది నాతో. నేను చెప్పుకుంటూ పోయేదాన్ని. చెయ్యి లాగడం మొదలుపెడితే దాన్ని తిరిగి బల్ల మీద పెట్టేసేది. అట్లా అన్నింట్లోకి చిన్నది, గోంగూర కట్టంత బరువున్నది చేతిలో మిగిలింది.

భాయి ఉన్న మాట చెప్పాడు. "అమ్మా, దీనికి లెన్సు అద్దం ఊడదు. వేరేది మార్చేదానికి ఉండదు. అందుకే ఎవరూ కొనలేదు."

"ఊడకపోతేనే మంచిది భాయీ. మా వైపు అంతా పలకల గనుల దుమ్ము. ఊడదీసినామంటే లోపల పలకే తయారైతాది."

దానికి ఇంకో బ్యాటరీ, ఒక కార్డు, గాలి హోరు పడకుండా స్పాంజి టోపీ ఉన్న చిన్న మైకు, అంతే ఇచ్చాడు. ఏడాది దాకా ఇంకేమీ కొనవద్దనీ, ఏది లేక నిజంగా కష్టమవుతుందో అప్పటికి నీకే తెలుస్తుందనీ చెప్పి పంపాడు. అమ్ముకునే మనిషి కొనవద్దని చెప్పడం నేను అక్కడే చూశాను. ఏడాది తర్వాత వదినకు తక్కువైంది ఒక్కటే, ఎండకు గొడుగు.

మొదట్లో అన్నీ చెడగొట్టింది, దాచుకోవడం ఎందుకు. ఒక పాట మొత్తం బొటనవేలు మైకు మీద పెట్టి తీసింది. ఇంకోసారి ఆకాశమే పడింది. మెల్లగా ఒడుపు దొరికింది. మోచేతులు పక్కటెముకలకు ఆనించుకునేది. వీపును గోడకో చెట్టుకో ఆనించేది. గోడా చెట్టూ లేని చోట నా వీపే గోడ. ఆమె అటు తిరిగి తీస్తుంటే నేను ఇటు తిరిగి నిలబడి, గట్టు కింద పాముందేమో, వడదెబ్బ తగులుతుందేమో, కెమెరా కాలవలో పడుతుందేమో అని లోపల్లోపల ప్రార్థన చేసుకునేదాన్ని. ఆమె ఊపిరి పీల్చినప్పుడల్లా నా వీపుకు తెలిసేది. ఇప్పుడు ఆ చోట చల్లగా ఉంటోంది.

కెమెరా కొనాలని వచ్చే పిల్లలకు ఆమె చెప్పేది ఒకటే. "ఒక చెయ్యి కెమెరాకి, ఒక చెయ్యి మనిషికి. రెండు చేతులూ అడిగే సామాను కొనొద్దు." నీళ్ళిస్తే తీసుకోవాలి, బిడ్డ ఏడిస్తే ఎత్తుకోవాలి, చెయ్యి ఖాళీ లేనివాడు జనం మధ్యకు ఎందుకు పోవాలి అనేది. పిల్లలు సరే అని తలూపి, పోయి అప్పు చేసి పెద్ద పెద్దవి కొనేవాళ్ళు. మిషన్ వల్లనే మనిషి గొప్పవాడవుతాడని వాళ్ళకు ఎవరు నేర్పారో గానీ, వాళ్ళ మీద నాకు పళ్ళు కొరికేంత కోపం.

ఇక ఆ రోజు సంగతి. పెట్టె చుట్టూ కలుపు తీసే ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. వీడియో కుర్రాళ్ళు లైట్లు పెట్టి, అమ్మా మీరు అడ్డం వస్తున్నారు, వెనక్కి జరగండి అని వాళ్ళను గోడ దాకా తోశారు. వదినతో ముప్పూటలా తిరిగిన మనుషులు వాళ్ళకు అడ్డమట. వదిన కూతురు పెట్టె మీద పడి ఏడిస్తే, సరిగ్గా రాలేదు, మళ్ళీ ఒకసారి చెయ్యి వెయ్యమన్నారు. ఆ పిల్ల మళ్ళీ వేసింది. సమాధుల దొడ్డిలో పాట ఎత్తుకుంటే పైన డ్రోను కందిరీగల గుంపులాగా మోత. పాస్టరుగారి పెదాలు కదలడమే కనబడింది, మాట వినబడలేదు. పాటల కోసం ఎండల్లో తిరిగిన మనిషికి పాట వినబడకుండా మన్ను వేశారు.

జ్ఞాపకార్థ కూడిక నాటికి వాళ్ళు తీసిందే సంగీతం కలిపి తెర మీద వేయాలని వదిన కొడుకు, నా మేనల్లుడు, నిర్ణయించాడు. ఆ సంగతి తెలిసి ఆడవాళ్ళు నా దగ్గరికి వచ్చారు. టీచరమ్మ మమ్మల్ని తీసింది ఇన్నాళ్ళూ ఆ చిన్న మిషన్ వెనక చూపించడమే గానీ తెర మీద పెద్దగా మేమెప్పుడూ చూసుకోలేదు, ఒక్కసారి వేయించు పెద్దమ్మా అని అడిగారు. అల్లుడితో తగాదా అయితే రేపటి నుంచి మాటలుండవేమో, ఇంత వయసులో ఆ ఇంటి గడప దూరమవుతుందేమో. అయినా పోయి అడిగాను.

"అత్తా, అది ఊగుతాది. పెద్ద పెద్దోళ్ళు వస్తారు. అమ్మకు ఏమీ చెయ్యలేదని నన్ను అంటారు."

పాపం, వాడి భయం వాడిది. కానీ నా నోరు ఆగలేదు.

"ఊగితే ఊగనీ నాయనా. మీ అమ్మ ఊపిరి పీల్చుకుంది కాబట్టి ఊగింది. నా వీపుకు తెలుసు. నీ డ్రోనుకు ఊపిరుందా? దాంట్లో నీకు మీ అమ్మ పెట్టె కనబడతాది. దీంట్లో మీ అమ్మ బతికున్నది కనబడతాది. ఏది ఎయ్యాల్నో నువ్వే చూసుకో."

వాడు వదిన కెమెరా లోపలి నుంచి తెచ్చి, దీన్ని తెరకు ఎట్లా కలపాలో వీడియో వాళ్ళను అడుగుతానన్నాడు.

కూడిక రోజు పొద్దు గూకాక చర్చి వసారాలో రెండు స్తంభాల మధ్య తెల్ల దుప్పటి కట్టారు. దాని మీద మిరప చేను పడింది. బొమ్మ ఊగుతూనే ఉంది, ఎవరూ నవ్వలేదు. ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకుని తమను తామే చూసుకుంటున్నారు. మధ్యలో కెమెరా వెనక నుంచి వదిన గొంతు, "నన్ను చూడొద్దు, పనిలో ఉండి పాడండి" అని. అల్లుడు తల వంచుకున్నాడు.

పాట మధ్యలో చేను గట్టు మీద ఒక ముసలాయన చెంబెత్తి నీళ్ళు తాగుతూ కనబడ్డాడు. పోయినేడు చనిపోయిన మనిషి. ఆయన భార్య మా వెనక వరుసలో ఉంది. ఆమె ఇంట్లో ఆయనది పింఛను కార్డు మీది బొమ్మ తప్ప ఇంకేమీ లేదు. ఆమె లేచింది. జనాన్ని దాటుకుంటూ పోయి దుప్పటికి జానెడు దూరంలో ఆగిపోయింది. కూర్చోమని ఎవరూ అనలేదు. ఆయన నీళ్ళు తాగుతున్న బొమ్మ సగం దుప్పటి మీద, సగం ఆమె వీపు మీద పడి కదులుతోంది. వెనక పాట సాగుతూనే ఉంది.