గజంబద్ద, గజగజ

ఆ కుట్టు దుకాణంలో ఆమెను సొంత పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. అందరికీ ఆమె నిద్రమొహం. ఆ పేరు పెట్టింది పరాయివాళ్ళు కాదు, సాక్షాత్తూ ఆడపడుచు, మొగుడికి అక్క. దుకాణం ఆవిడదే, కొలతలు తీసేదీ కత్తెర పట్టేదీ ఆవిడే. ఏ వేళ చూసినా చేతిలో గజంబద్ద ఉండేది. అది గుడ్డ కొలవడానికి ఎంత పనికొచ్చేదో, బల్ల మీద టపటపా కొట్టి పనివాళ్ళను అదిలించడానికీ అంతే పనికొచ్చేది. అందుకని చాటుగా ఆవిణ్ణి గజంబద్ద అనేవారు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికుంది?

మరదలు కాపురానికి వచ్చిన కొత్తలో కాలర్లు కుట్టేది. ఆమె తిప్పిన కాలర్ మూలకి ఇస్త్రీ కూడా అక్కర్లేదని ఈ ఆడపడుచే వచ్చినవాళ్ళందరి దగ్గరా గొప్పలు పోయేది. ఆ తర్వాత ఏమైందో ఏమో, మనిషి రానురాను మందగించింది. ముఖం ఉబ్బింది. జుట్టు దువ్వెనకి ఊడి వచ్చేది. గొంతు బొంగురుపోయింది. తినేది పిడికెడు, పెరిగేది మాత్రం ఒళ్ళు. మండుటెండల్లో కూడా శాలువా కప్పుకుని కూర్చునేది. మిషన్ మీదే కునికిపాట్లు పడేది, అంతలోనే కారణం లేని దిగులు ముంచుకొచ్చి గోడ వైపు తిరిగి ఏడ్చేది. ఎందుకేడుస్తున్నావని అడిగితే ఆమెకే తెలియదు, ఇంకేం చెప్తుంది?

ఒక సాయంత్రం దుకాణం నిండా జనం ఉండగా ఆడపడుచు గజంబద్దతో ఆమె భుజం మీద పొడిచింది. "లేవే నిద్రమొహం. మా తమ్ముడు పెళ్ళాన్ని కట్టుకున్నాడో పరుపుని కట్టుకున్నాడో" అంది. అందరూ పగలబడి నవ్వారు. గుండీలు ఏరుతున్న మొగుడు కూడా తల వంచుకునే నవ్వాడు. ఆ మర్నాడు ఆమెను మిషన్ మీంచి లేపి, మూలనున్న స్టూలు మీద కాజాలకి కూర్చోబెట్టారు. గుండీ పట్టే కన్నం చుట్టూ చేత్తో కుట్టే పని అది, కొత్తగా చేరినవాళ్ళకిచ్చే పని.

ఆ స్టూలు మీంచే ఒకరోజు కళ్ళు తిరిగి పడిపోయింది. అప్పటికి గాని మొగుడు ఆమెను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళలేదు. డాక్టరు ఆమె మెడ తడిమాడు, రక్తం తీయించాడు. ఇది బద్ధకం కాదమ్మా, థైరాయిడ్ అన్నాడు. మెడలో ఒక గ్రంథి ఉంటుందని, అది వదిలే హార్మోన్ మీదే ఒంటి వేగం, మనసు హుషారు ఆధారపడతాయని, ఆమెకి ఆ గ్రంథి పని తగ్గించేసిందని చెప్పాడు. మిషన్ పెడల్ తొక్కేవాళ్ళు లేకపోతే సూది ఎక్కడ కదులుతుందని ఆమె తన భాషలో అర్థం చేసుకుంది. రోజూ పరగడుపున వేసుకోమని మాత్ర ఇచ్చాడు. మోతాదు ఎక్కువైతే చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది, చెమటలు, చిరాకు, నిద్రలేమి, తిన్నా చిక్కిపోవడం ఉంటాయి, అలాంటివి కనిపిస్తే వెంటనే రమ్మన్నాడు. కొందరికి ఏ మాత్రా లేకుండానే ఆ గ్రంథి అలా పరుగులు పెడుతుందని కూడా అన్నాడు.

మందు పనిచేసింది. ముఖం దిగింది, చలి వదిలింది, దిగులు తేలిపోయింది. దిగులు లేచిపోయిన చోట కోపం వచ్చి కూర్చుంది. ఇన్నేళ్ళూ తనకి తాను కూడా బద్ధకస్తురాలిననే అనుకుంది, అదే ఎక్కువ మండింది. ఆమెకి కావలసినవి రెండే. అందరి ముందూ పెట్టిన పేరు అందరి ముందే వెనక్కి తీసుకోవాలి, తన మిషన్ తనకివ్వాలి. సంగతి చెప్తే ఆడపడుచు పెదవి విరిచింది. బద్ధకానికి కూడా మాత్రలొచ్చాయా, కాలం మారిపోయిందని గుడ్డ వైపు తిరిగింది. మరదలు మూలనున్న తన స్టూలు దగ్గరికి వెళ్ళిపోయింది. కాజాలు కుట్టుకుంటూ కనిపెట్టుకుని కూర్చుంది.

అదను దానంతట అదే వచ్చింది. ఆడపడుచు చిక్కడం మొదలుపెట్టింది. ఇద్దరి తిండి తింటుంది, జాకెట్టు భుజాల మీంచి జారిపోతుంది. ఫ్యాను కిందే కూర్చుని చెమటలు తుడుచుకుంటుంది. నిద్ర పట్టలేదంటూ పొద్దున్నే ఎర్రటి కళ్ళతో వచ్చి అయినదానికీ కానిదానికీ అరుస్తుంది, అరిచి తనే ఏడుస్తుంది. చివరికి చెయ్యి వణకసాగింది, బల్ల మీద పెట్టబోతే గజంబద్ద టకటకలాడేది. ఆవిడ తాగుతోందని ఒకరు, మతి చలించిందని మరొకరు గుసగుసలాడారు. మూలన స్టూలు మీదున్న మనిషికి మాత్రం ఇవి డాక్టరు చెప్పిన గుర్తులేనని చూసిన మొదటి రోజే అర్థమైపోయింది.

చెప్పొచ్చు. ఒక్క మాట చాలు. ఆ మాట నాలుక దాకా వచ్చింది, దాన్ని మింగేసి, గుసగుసలాడేవాళ్ళ మధ్య ఇంకో మాట వదిలింది. "ఇంక గజంబద్ద ఏమిటి, గజగజ అనండి" అంది.

నవ్వు ఆగలేదు. పేరు అతుక్కుపోయింది. కాజా చుట్టూ దారం బిగిస్తూ, వెనకాల గజగజ, గజగజ అని వినబడుతుంటే ఆమె కడుపు చల్లబడింది. ఇంకాస్త, ఇంకాస్త అనుకుంటూ వారాలకి వారాలు గడిపేసింది. పాపమనిపించిన రోజున భుజం తడుముకునేది, గజంబద్ద పొడిచిన చోటు. పాపం ఇట్టే పోయేది.

పెళ్ళికొడుకు కోటు గుడ్డ మీద కత్తెర జారి, గుడ్డ అడ్డంగా తెగిపోయిన రోజు ఆడపడుచు అందరినీ బయటికి పొమ్మంది. మరదలు కదల్లేదు. ఆవిడ తన చేతుల్ని పరాయివాళ్ళ చేతుల్లా చూసుకుంటూ, "నాకేదో అయిపోతోందే. నేను చుక్క కూడా ముట్టలేదు. ఎవరూ నమ్మట్లేదు" అంది.

నమ్మకపోతే ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసిందా అని అడగాలనుకుంది మరదలు. అడగలేదు. చెయ్యి పట్టుకుని అదే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. మరదలు అనుకున్న జబ్బే ఆయనా చెప్పాడు, థైరాయిడ్ గ్రంథి పరుగులు పెడుతోందని. మందులతో వణుకు తగ్గుతుంది గాని, ఇన్నాళ్ళు గ్రంథి అలా పరుగెత్తడంతో గుండె లయ తప్పింది, ముందే వచ్చి ఉంటే ఇంత దాకా వచ్చేది కాదు, దానికి వేరే మందు వాడుతూ ఉండాలన్నాడు. ముందే అన్న మాట దగ్గర మరదలు కిటికీ వైపు చూసింది.

వణుకు తగ్గింది, ఒళ్ళు పట్టింది. మెట్లెక్కితే మాత్రం ఆయాసం. ఒకరోజు ఆడపడుచు అందర్నీ పిలిచి, తన జబ్బు కనిపెట్టింది మరదలేనని, ఇకపై ఆమెను ఎవరైనా నిద్రమొహం అంటే పని మానిపిస్తానని చెప్పింది. కాలర్ మిషన్ తనే తుడిచి ఇచ్చింది. కోరుకున్నవి రెండూ దొరికాయి. నిజం చెప్పినప్పుడు దొరకనివి నిజం దాచాక దొరికాయని మరదలికి ఒళ్ళు మండింది.

ఆ వారమే ఎవరో కొత్తావిడ గుమ్మంలో నిలబడి, గజగజ గారు కుట్టేది ఇక్కడేనా అని అమాయకంగా అడిగింది. కొలతలు తీసుకుని ఆవిణ్ణి పంపేశాక ఆడపడుచు మిషన్ పక్కకి వచ్చి నిలబడింది. నాలుగడుగులకే ఊపిరి ఎగదన్నుతోంది.

"ఈ పేరు పెట్టింది నువ్వేటగా."

"నేనే వదినా."

"నీకు నేను పేరు పెట్టినప్పుడు అది జబ్బని నాకు తెలియదు. మరి నీకు?"

మొగుడు గుండీలు ఏరడం ఆపేశాడు. ఈసారి నవ్వలేదు.

"తెలుసు" అంది మరదలు. "తెలిసే పెట్టాను. మీరింకా అడగలేదు గాని, తెలిసే ఆలస్యం చేశాను."

ఆడపడుచు ఒక చేత్తో గుండె పట్టుకుని, రెండో చేత్తో బల్ల అంచు పట్టుకుంది. మరదలు పెడల్ మీద కాలు వేసి కాలర్ మూల తిప్పింది. అది ఇస్త్రీ అక్కర్లేనంత చక్కగా తిరిగింది.