నాలుగు గుడ్లు, ఒక లారీ

బంగార్రాజు చేతిలో పడ్డ లారీ మూడో రోజుకల్లా రోడ్డెక్కుతుందని ఆటోనగర్‌లో పేరు. అలాంటి మనిషి తొంభై ఎనిమిది మార్చిలో ఒక లారీని నెలపైన కదలనివ్వలేదు. దానికి కారణం ఒక పుస్తకం. కొంత నేనూ.

అప్పట్లో నేను రోజూ పటమట వైపు ఒక శాఖా గ్రంథాలయానికి పోయేవాణ్ణి, ఉద్యోగ ప్రకటనల పేజీ కోసం. ఆ పేజీ మీద కోపం ఇప్పటికీ తగ్గలేదు. ఎదుటి బల్ల దగ్గర బంగార్రాజు, కిరసనాయిలుతో గ్రీజు కడుక్కొచ్చిన చేతులతో, పక్షుల పుస్తకం తిప్పుతుండేవాడు. రంగుల బొమ్మల పుస్తకం కాబట్టి ఇంటికివ్వరు, అక్కడే చదవాలి. ఆయన పుట్టింది కొల్లేటి ఒడ్డున చేపలు పట్టే ఇంట్లో, చదివింది ఐదో తరగతి. కూడబలుక్కుంటూ పేజీకో తీర్పు చెప్పేవాడు.

“ఇది తిన్నాను. ఇదీ తిన్నాను. ఇది మరీ నీచు, మా అమ్మ చింతపండు ఎక్కువేసేది.”

“బాబాయ్, అది వంటల పుస్తకం కాదు.”

ఒకనాడు ఒక బాతు బొమ్మ మీద ఆయన వేలు ఆగిపోయింది. అది హిమాలయాలు దాటి వస్తుందని రాసి ఉంది.

“అన్ని కొండలు దాటుకుని మా ఇంటికొస్తే పులుసు పెట్టుకున్నామా, అబ్బాయ్?” అన్నాడు. ఆ పూట ఇంకో పేజీ తిప్పలేదు.

ఆ వారమే సుబ్బరత్నంగారి లారీ క్లచ్ పనికి వచ్చింది. గన్నవరంలో రెండు లారీలున్న ఇల్లాలు, మాటా రెండు లారీల బరువే. షెడ్డు వెనక ఖాళీ జాగాలో బండి పెట్టి విప్పితే, మర్నాడు వెనక చక్రానికి జానెడు దూరంలో, కంకరలో ఒక గుడ్డు కనబడింది. గూడు లేదు, పుల్ల లేదు. కంకర రంగే గుడ్డుది. వారం తిరిగేసరికి నాలుగయ్యాయి. ముందు గోడ, పక్కన తుక్కు. లారీ బయటికి రావాలంటే గుడ్ల మీదుగానే రావాలి.

“తీతువు గుడ్లు! అది కూస్తే శవం లేస్తది, అవతల పారెయ్,” అన్నాడు పక్క షెడ్డు పెయింటర్ ఆమోసు.

“వారం నుంచీ కూస్తానే ఉంది. నువ్వింకా లేవలేదేం?” అన్నాడు బంగార్రాజు.

మర్నాడు ఎనిమిదింటికి గ్రంథాలయం తెరవగానే ఇద్దరం లోపలికి దూరాం. గుడ్లు పిల్లలవడానికి ఇరవై ఎనిమిది రోజులు, అటూ ఇటూగా, అని ఉంది.

“అన్ని రోజులా?” అని లైబ్రేరియన్ రామతులసిగారే నోరు తెరిచారు.

“ఫర్వాలేదు మేడమ్, లారీకి ఇంకో నాలుగు రోగాలు వెతుకుతాను.”

వెతికాడు. క్లచ్ అయ్యాక గేర్ బాక్సు, ఆ తర్వాత బ్రేకులు, ఆ తర్వాత కమాను కట్టలు. ఒక మధ్యాహ్నం తీతువు కుళాయి కింది మడుగులో పొట్ట తడుపుకొచ్చి గుడ్ల మీద కూర్చోవడం చూశాడు. నాలుగింటికి గ్రంథాలయం తెరిచేదాకా ఆగలేక మెట్ల మీద కాపు కాశాడు. ఎండకి గుడ్లు ఉడికిపోకుండా అలా చేస్తుందని పుస్తకంలోనూ ఉంది.

“వీడూ చూశాడ్రా!” అని రాసినాయన భుజం తట్టినట్టు పేజీని తట్టాడు.

గుడ్లు నాలుగయ్యాక ఇరవై నాలుగో రోజున సుబ్బరత్నంగారు దిగారు.

“ఏవయ్యా, దాళ్వా కోతలు మొదలయినాయి, ధాన్యం నా నెత్తిన పెట్టుకు తోలమంటావా?”

బంగార్రాజుకి ఇక రోగాలు మిగల్లేదు. గుడ్లు చూపించాడు.

“తీతువు గుడ్ల కోసమా! మతి ఉందా నీకు?”

“ఇంకో నాలుగు రోజులేనండీ. పుస్తకంలో ఉంది.”

“ఏదీ, చూపించు.”

“ఇంటికివ్వరండీ.”

కొంగు దోపుకుని ఆవిడే గ్రంథాలయానికి నడిచారు. నేను చదివి వినిపించాను. ఆడదీ మగదీ వంతులు వేసుకుని పొదుగుతాయన్న చోట చెయ్యెత్తి ఆపారు.

“మగదా? ఎప్పుడు?”

“మిట్టమధ్యాహ్నం ఎండలో ఎక్కువగా మగదేనండీ.”

ఆవిడ రామతులసిగారి వైపు తిరిగారు. “మా ఆయన పిల్లల ఉయ్యాల ఒక్క ఊపు ఊపలేదండీ.” తర్వాత బంగార్రాజుతో, “నాలుగు రోజులు. ఐదోనాడు నేనే దగ్గరుండి తీయిస్తా,” అన్నారు.

నాలుగు రోజులూ గడిచాయి. ఒక్క గుడ్డూ పగల్లేదు. ఐదోనాడు ఎనిమిదింటికి గ్రంథాలయం తెరవగానే బంగార్రాజు నన్ను అక్కడికి ఈడ్చుకుపోయాడు. ఇంకొక్క రోజు ఎక్కువ రాసిన పుస్తకం ఏదైనా దొరక్కపోతుందా అని రామతులసిగారితో బీరువా అంతా తీయించాం. పదకొండింటికి మూసేదాకా వెతికినా దొరకలేదు.

తిరిగొచ్చేసరికి సుబ్బరత్నంగారు నెత్తిన కొంగేసుకుని స్టూలు మీద కూర్చుని ఉన్నారు. ఆమోసు ఆవిడకి అట్టముక్కతో విసురుతున్నాడు. కంకరలో పెంకులే ఉన్నాయి. పైన తీతువులు చెవులు చిల్లులు పడేలా అరుస్తున్నాయి.

“ఎక్కడ చచ్చావయ్యా? నేనొచ్చేసరికే ఒకటి బయటికొచ్చింది. నాలుగూ నా కళ్ళ ముందే ఆరినాయి, లేచి నడిచినాయి.”

“అయ్యో, ఒక్క కేకెయ్యకూడదా అండీ!”

“ఎక్కడికని వెయ్యను? నువ్వు చదువుకోడానికి పోతివి.”

నెల రోజులు కాపలా కాసిన మనిషి. ఆ ముఖం చూస్తే నాకే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆవిడ వెంట తెచ్చిన డ్రైవరు లారీ ఎక్కి కూర్చున్నాడు.

“ముందు కింద చూడు, పిల్లలేమన్నా దూరాయేమో,” అన్నారావిడ.

బంగార్రాజు బోర్లా పడుకుని లారీ కిందికి పాకాడు. పాదాలు మాత్రం బయట కనబడుతున్నాయి.

“ఉన్నాయా?”

కాసేపటికి చక్రం పక్కనుంచి ఒక చెయ్యి మెల్లగా బయటికొచ్చి, ఆగమని సైగ చేసింది.

సుబ్బరత్నంగారు డ్రైవర్ని కిందికి దిగమన్నారు.