బ్యాటరీ మీది బొట్టు

1998 ఆగస్టు. గాజువాక పక్కన ఆటోనగర్‌లో నేను బ్యాటరీ షాపు పెట్టి అప్పటికి తొమ్మిదేళ్లు. ముందు రేకుల వరండా, వెనక చార్జింగ్ గది. ఆ గదిలో బల్ల మీద ఎప్పుడూ పదో పన్నెండో బ్యాటరీలు బారుగా ఉండేవి. యాసిడ్ వాసన బట్టలకు పట్టి నాతోపాటు ఇంటికి వచ్చేది. వానాకాలం మాకు గిరాకీ. రోజుల తరబడి కదలని కారుకు బ్యాటరీ దిగిపోతుంది. ఒక పొద్దున తాళం తిప్పితే టిక్కుమని ఊరుకుంటుంది.

ఆ రోజుల్లో తెలిసిన ట్యాక్సీవాళ్లకు ఇంట్లో వాడుకునే చిన్న చార్జర్లు తయారుచేసి ఇచ్చేవాణ్ణి. రేకు డబ్బా, లోపల ట్రాన్స్‌ఫార్మర్, పైన ముల్లు మీటరు, బయటికి ఎర్ర క్లిప్పు ఒకటి, నల్ల క్లిప్పు ఒకటి. బ్యాటరీ నిండగానే దానంతటదే ఆగే ఏర్పాటు వాటిలో లేదు. మనిషే చూసి ఆపాలి. నిండిన బ్యాటరీలో నీళ్లు బుడగలు వేస్తాయి. దాన్ని మేం గ్యాసింగ్ అంటాం. “గ్యాసింగ్ బాగా వచ్చిందంటే తీసెయ్” అని చెప్పి చార్జర్ చేతిలో పెట్టేవాణ్ణి. అంతకంటే చెప్పాలని నాకు తోచేది కాదు.

ఒక బుధవారం పొద్దున షాపు ముందు రాజు ఆటో ఆగింది. రాజు నన్ను బావా అని పిలిచేవాడు. మా వైపు మగవాళ్ల మధ్య ఆ పిలుపుకి చుట్టరికం అక్కర్లేదు. ఆటోలో వాళ్లక్క నూకాలమ్మ, ఆమె కాళ్ల దగ్గర గోనెసంచిలో చుట్టిన బ్యాటరీ. వాళ్లది గంగవరం, సముద్రం మీద బతికే కుటుంబం. నూకాలమ్మ భర్త గురయ్య మాత్రం వల వదిలి, పాత అంబాసిడర్ కొనుక్కుని ట్యాక్సీ తిప్పేవాడు. ఎనిమిదేళ్లుగా నా దగ్గరికే వచ్చేవాడు, నా చార్జర్ ఒకటి అతని ఇంట్లోనూ ఉంది. అతని భార్యను చూడడం అదే మొదటిసారి.

“దీన్ని సూడు బావా. మా అక్క పొద్దస్తమానం మేపుతంది,” అన్నాడు రాజు, బ్యాటరీ దించుతూ.

నూకాలమ్మ నవ్వలేదు. “బాబూ, ఇది బతికుందా, సచ్చిపోనాదా? నిజం సెప్పు.”

నేను నవ్వాను. “చస్తే ఇంకోటి వేస్తాం. బ్యాటరీకింత బెంగేటమ్మా?”

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగిపోయింది. రాజు ముఖంలో వేళాకోళం పోయింది.

“గురయ్య బావకి కడుపులో గడ్డ. ఆసుపత్రిలో సేరి పన్నెండ్రోజులైంది. ఎల్లుండి సుక్రోరం ఆపరేసనన్నారు. అక్క కాయితం మీద ఏలుముద్ర ఎయ్యనంటంది. ఆలీసెమైతే గడ్డ పగిలిపోద్దని డాట్రుబాబు నిన్న కసిరీసేడు.”

“ఎందుకు వెయ్యవమ్మా?” అని అడిగాను.

ఆమె గోనెసంచి తొలగించింది. “ఈ బొట్టు సూడు.”

బ్యాటరీ పెట్టె అంచున, మూతలకు దగ్గరగా కుంకుమ బొట్టు ఉంది. అది ఎర్రగా లేదు. కడిగేసిన పసుపులా ఉంది.

“ఆసుపత్రికెల్తా ‘బేటరీని పడుకోనియ్యకే, నాను తిరిగొచ్చి కారెక్కాల’ అన్నాడు. దేవుడి గూటికాడ ఎట్టేను. పొద్దున్నే దీపం ఎలిగించి, బొట్టెట్టి, సార్జీ ఎడతన్నాను. సందేళకి తీత్తన్నాను. ఒక్క రోజూ మానలేదు. సోమారం సూద్దును కదా, కుంకం పసుప్పచ్చగయిపోయింది. మల్లీ ఎట్టేను. నిన్నా అంతే. ఈయేలా అంతే. నా కుంకం నిలవడం లేదు బాబూ. అలాటప్పుడు ఆయన కడుపు కొయ్యమని నా సేత్తో నాను ఏలుముద్ర ఎలాగ ఎయ్యను?”

నవ్వినందుకు సిగ్గేసింది. చేతికి అలవాటైన పని మొదలుపెట్టాను.

బ్యాటరీలో ఆరు గదులుంటాయి. ఒక్కో గదికి ఒక్కో మూత, మూతకు గ్యాసు పోవడానికి సన్నటి బెజ్జం. ఆ బెజ్జాల చుట్టూ తడి. తీగలు బిగించే టెర్మినల్స్ మీద తెల్లటి పొక్కు. హైడ్రోమీటర్ పెట్టి చూశాను. అది రబ్బరు బుడ్డి ఉన్న గాజు గొట్టం. గదిలోని నీళ్లను పైకి పీలిస్తే లోపల తేలే బుడ్డి యాసిడ్ ఎంత చిక్కగా ఉందో చూపిస్తుంది. ఐదు గదులు నిండుగా ఉన్నాయి. ఒకటి కొంచెం వెనకబడింది.

బ్యాటరీ చావలేదు. తిండి ఎక్కువైంది. నిండిన తరవాత కూడా కరెంటు ఎక్కిస్తూ ఉంటే నీళ్లు ఉడికినట్టు బుడగలు వేస్తాయి. ఆ బుడగలతో యాసిడ్ తుంపర బెజ్జాల్లోంచి పైకి చిమ్ముతుంది.

“కుంకుమ ఎక్కడ కొన్నావమ్మా?”

“కొనలేదు. పసుపులో సున్నం కలిపి ఇంట్లోనే సేత్తాను. మా అత్త నేర్పింది.”

అప్పుడు నాకు విషయం తెలిసింది. సున్నం తగిలితే పసుపు ఎర్రబడుతుంది. ఆ సున్నాన్ని యాసిడ్ విరిచేస్తే మళ్లీ పసుపే మిగులుతుంది. అదే ఆమెకు చెప్పాను.

“నా మనసు కోసం సెప్తన్నావు,” అంది.

టీ సాసరు ఒకటి తుడిచి ముందు పెట్టాను. ఆమె నడుం దగ్గర ముడిలోంచి చిన్న కుంకుమ డబ్బీ తీసింది. సాసరులో రెండు బొట్లు పెట్టమన్నాను. హైడ్రోమీటర్‌తో బ్యాటరీలోంచి యాసిడ్ తీసి ఒకదాని మీద ఒక్క చుక్క వదిలాను. చూస్తుండగానే అది పసుప్పచ్చగా తిరిగింది. పక్కది ఎర్రగానే ఉంది.

“ఇంకోపాలి సెయ్యి.”

మళ్లీ చేశాను. ఆమె ముఖం సాసరు మీంచి లేవలేదు. రాజు పొగాకులోకి వాడే సున్నం గొట్టం అడిగి తీసుకుని, పచ్చబడ్డ బొట్టు మీద అగ్గిపుల్లతో ఇంత సున్నం రాశాను. ఎరుపు మెల్లగా మళ్లీ ఊరింది.

“తిరిగొచ్చీసిందేటి!” అన్నాడు రాజు.

నూకాలమ్మ సాసరును దగ్గరికి లాక్కుంది. తరవాత చిన్న గొంతుతో, “అయితే నాను సేసిన పనేనా?” అంది.

“నేను చేసిన పనమ్మా. ఎప్పుడు ఆపాలో గురయ్యకు చెప్పాను. నీకు ఎవరూ చెప్పలేదు.”

ఇంకో మాట కూడా చెప్పాల్సి వచ్చింది. ఆ బుడగల్లో లేచేది నిప్పు తగిలితే పేలే గ్యాసు. పన్నెండు రోజులు ఆమె దాని పక్కనే దీపం వెలిగించింది. పేలుడు సంగతి ఎత్తకుండా, “చార్జి పెట్టేటప్పుడు గాలాడే వసారాలో పెట్టాలి, దగ్గర్లో దీపం గానీ పొయ్యి గానీ ఉండకూడదు” అని మాత్రం అన్నాను. ఆ రోజుకు ఆమె పడ్డ భయం చాలనిపించింది.

“సూసేవా బావా, మా అక్క వొంటా ఇంతే. కడుపు నిండిపోనాదన్నా వొగ్గదు,” అన్నాడు రాజు. ఆమె వాడి వీపు మీద ఒకటి చరిచి, “ఆటో తియ్యరా. ఆసుపత్రికి పోనీ,” అంది.

“మరి బేటరీ?”

“బాబు కాడ వొగ్గీ.”

ఆ మధ్యాహ్నమే వేలిముద్ర వేసిందని సాయంత్రం రాజు వచ్చి చెప్పాడు. శుక్రవారం ఆపరేషన్ అయింది. ఆ రోజు నేను ఆ బ్యాటరీ పని పెట్టుకున్నాను. వంటసోడా కలిపిన నీళ్లతో పైన కడిగి ఆరబెట్టాను. డిస్టిల్డ్ వాటర్, అంటే లవణాలు లేని నీళ్లు, లోపలి సీసపు ప్లేట్లు మునిగేదాకా మాత్రమే పోశాను. వెనకబడిన గది కోసం కొద్ది కరెంటుతో నెమ్మదిగా చార్జి పెట్టి, గంట గంటకూ వెళ్లి చూశాను. అంత అవసరం లేదని నాకు తెలుసు.

నెలన్నర తరవాత భార్యాభర్తలిద్దరూ వచ్చారు. గురయ్య సగమయ్యాడు. కడుపు మీద చెయ్యి ఆనించుకుని నడుస్తున్నాడు.

“మా ఆడది బేటరీకి సార్జీ ఎక్కువెట్టీసిందంట కదా బాబూ? ఆసుపత్రిలో నాకాడా అదే వరస. నిద్దరోతంటే లేపీసి, బాగున్నావా అని అడిగీది.”

“నువ్వు పలక్కపోతే నానేటనుకోవాల?” అంది నూకాలమ్మ.

ఎక్కువ చూసుకోవడం వల్ల కూడా బ్యాటరీ పాడవుతుందని అందరికీ చెబుతుంటాను. ఆ పాఠం పుస్తకాల్లోనూ ఉంది. నూకాలమ్మ వల్ల నేను నేర్చుకున్నది వేరు. చార్జర్ కోసం ఎవరొచ్చినా, “ఇంట్లో దీన్ని చూసుకునేదెవరు?” అని అడగడం అప్పుడు అలవాటైంది. వాళ్లను తీసుకొస్తే గానీ చార్జర్ ఇచ్చేవాణ్ణి కాదు. మగవాళ్లు విసుక్కునేవారు. మర్నాడు చాలామంది భార్యల్నో తల్లుల్నో వెంటబెట్టుకుని వచ్చేవారు. వాళ్లకు చార్జింగ్‌లో ఉన్న ఒక బ్యాటరీ మూత తీసి, లోపలి బుడగల చప్పుడు కాస్త ఎడంగా చెవి పెట్టి వినమనేవాణ్ణి. ఈ చప్పుడు బాగా వినిపిస్తే దాని కడుపు నిండినట్టు, ఇక చాలు అని చెప్పేవాణ్ణి.