కుడినోటి గుగ్లి

హౌరా దగ్గర సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్‌లో మా కింద వాటాలో ఉండే జువాలజీ టీచర్‌ను మేమంతా అత్తయ్య అనేవాళ్ళం. ఎక్కడ నత్తగుల్ల దొరికినా కొన పైకి, నోరు మనవైపు ఉండేలా పట్టుకుని, “నోరెటుందో చెప్పు” అని అడిగేది. నోరు ఎడమకుంటే అది మురుగులోనూ బతికే రకం. కుడికుండి ఒంటి మీద చారలుంటే గుగ్లి, బెంగాలీలు వండుకునే నత్త. అది బతకాలంటే నీళ్ళు కాస్త బాగుండాలి.

క్వార్టర్స్ వెనక చెరువును పూడ్చాలని ఒక ఇంజనీరు సర్వేకి వచ్చాడు. గట్టున ఎడమనోటి నత్తలే కనిపించాయి కాబట్టి అది వట్టి మురుగుగుంట అని రాసుకున్నాడు. అత్తయ్య గిన్నెడు గుగ్లీలు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

“ఇవి బజార్లో కొన్నవి, దిదీ. మా ఇంట్లోనూ వండుతారు” అన్నాడాయన నవ్వుతూ.

“అయితే నువ్వే దిగి తియ్యి, దాదా.”

ఆయన తన బూట్ల వైపు చూసుకున్నాడు. అత్తయ్య నా వైపు తిరిగి, “ఏటలా చూస్తావు? ఈ చెప్పులు పట్టుకో” అని, కుచ్చిళ్ళు ఎగదోపి మోకాలిలోతు నీళ్ళలోకి దిగింది. గుర్రపుడెక్క కింద తడిమి, ఒక నత్తను బురదతో సహా తెచ్చి ఆయన అరచేతిలో పెట్టింది.

“నోరెటుంది?”

“కుడికి” అన్నాడు మెల్లగా.

కాగితం మీద ‘గుంట’ కొట్టేసి ‘చెరువు’ అని రాశాడు. అత్తయ్య కదల్లేదు. కింద ఆ నత్త శాస్త్రీయ నామం కూడా ఉండాలంది. బురద కాళ్ళతో అలాగే నిలబడి, ఒక్కో అక్షరమే చెప్పి రాయించింది.

చెరువు ఇప్పటికీ ఉంది.