ఎలిఫ్‌తో కుస్తీ పట్టిన రోజులు

మా చిన్నప్పుడు... మస్కట్ బౌషర్‌లో మేముండే బిల్డింగ్ మేడ మీద, అమ్మ కుట్టిన రెండు బొంతలు పరిచి, ఒక టర్కీ అమ్మాయి నన్ను రోజూ కింద పడేసేది.

పేరు ఎలిఫ్. నాకు పదమూడు, ఆమెకు పద్నాలుగు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. వాళ్ల నాన్న, మా నాన్న పక్కనున్న ఘాలాలో ఒకే కంపెనీ. ఆయన క్రేన్ల ఫోర్‌మన్, మా నాన్న స్టోర్‌కీపర్. మా కింది ఫ్లాట్ వాళ్లది.

టర్కీలో ఎలిఫ్ మేనమామ కుస్తీ కోచ్. సెలవులకు వెళ్లినప్పుడు ఆయన దగ్గర నేర్చుకునేది. ఏటా వేసవిలో అక్కడ అమ్మాయిల జట్టుకు ఎంపిక పోటీలు. ఇక్కడ సాధన చేద్దామంటే ఇంకో అమ్మాయి లేదు... నేను తప్ప.

ఒక్కచోట కూర్చునేది కాదు. హోంవర్క్ కూడా నిలబడే రాసేది. మేం మాట్లాడుకునేది బడి ఇంగ్లీషులో. అమ్మ దగ్గర మాత్రం ఒక్క తెలుగు మాట పట్టుకుంది. నన్ను పడేసి, నేను లేవకముందే అనేది... "మల్ల!"

ఫ్రీస్టైల్ కుస్తీలో కాళ్లు పట్టి లాగొచ్చు. ఆమె నా కాలు పట్టేది. నా రెండో కాలు ఆమెకు తగిలేది. మన ఇళ్లలో అందరికీ ఉన్న అలవాటే... తగలగానే ఆమె మెడ మీద నా పట్టు వదిలేసి, ఆమెను తాకి కళ్లకద్దుకునేదాన్ని. మరుక్షణం బొంత మీద వెల్లకిలా. ఏడాదంతా ఇలాగే గడిచింది.

ఆ వేసవి ఎలిఫ్ మొదటి కుస్తీలోనే ఓడి వచ్చింది. ఇంకొక్క ఏడాది చూద్దాం, అప్పుడూ జట్టులోకి రాకపోతే మానెయ్యమన్నాడు వాళ్ల నాన్న.

మేడ ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తూ అడిగింది. "నేను కాలు పట్టినా, అక్కడ నన్ను ఓడించిన అమ్మాయి నా మెడ వదల్లేదు. నువ్వెందుకు వదిలేస్తావు?"

"కాలు తగిలిందని... మొక్కాలి కదా."

ఆమె నడక ఆగింది. "ఓడిపోయానని ఒప్పుకుంటున్నావనుకున్నా! అదంతా నా బలమే అనుకున్నా!"

బట్టలు ఆరేస్తున్న అమ్మకు మాటలు అర్థం కాలేదు, కోపం అర్థమైంది.

"ఏమైందే? ఆ పిల్ల గట్ల తిరుగుతుందేంది?"

చెప్పాను.

"గింతేనా? మొదలుపెట్టేముందే ఒక్కసారి మొక్కు. మల్ల ఎన్నిసార్లు తాకినా అండ్లకే వస్తది. దాని మెడ మాత్రం ఇడువకు."

అప్పటి నుంచి ముందు ఒక దండం, తర్వాత కుస్తీ. అయినా రెండు వారాల పాటు నా చెయ్యి దానంతటదే కళ్లవైపు లేచేది. "వదలకు!" అని ఎలిఫ్ అరిచేది. మూడో వారం వదల్లేదు. ఎలిఫ్ కింద, నేను పైన. ఆమె పెదవి చిట్లింది. నాకు ఏడుపొచ్చింది. ఆమె రక్తం తుడుచుకుని నవ్వింది.

మరుసటి వేసవి మళ్లీ పోటీకి వెళ్లింది. నేను రోజూ సాయంత్రం కంపెనీ బస్సు ఆగే చోట నాన్న కోసం నిలబడేదాన్ని. వాళ్ల నాన్నకు కంపెనీ ఫోన్‌లో కబురేమైనా వచ్చిందా అని... పన్నెండో రోజు ఆయన బస్సు దిగకముందే కిటికీలోంచి అరిచాడు.

"నీ దోస్తుకు టీంల జాగ దొరికిందట బిడ్డా!"

శిక్షణ అక్కడే కాబట్టి ఎలిఫ్ ఇక ఒమన్ రాలేదు.

పెద్దయ్యాక పత్రికలో చేరాను. ఏజెన్సీలు పంపే ఫలితాల పట్టికల్లో ఆమె పేరు రెండుసార్లు చూశాను. ఒక గెలుపు, ఒక ఓటమి. పేరు, దేశం, బరువు... అంతకు మించి ఏమీ లేదు.

ఇప్పుడు మా చెల్లెలి కూతురు కుస్తీ నేర్చుకుంటోంది. మ్యాట్ ఉంది, కోచ్ ఉంది, తన బరువుకు సరిపోయే అమ్మాయిలు ఆరుగురున్నారు. సంతోషమే. నాకు మాత్రం, పట్టు వదలనందుకు మెచ్చుకున్న స్నేహితురాలు మళ్లీ దొరకలేదు. ఈ వయసు పరిచయాల్లో అందరం మర్యాదగా ముందే వదిలేస్తున్నాం...

చిన్నప్పుడు మీతో నిజంగా తలపడినవాళ్లెవరు? పేరు గుర్తుంటే ఇక్కడ రాయండి.