సూది ఆపకుండా

అన్న పోయిన కొన్ని నెలలకు నాకు బీపీ ఉందని తేలింది. అన్నను తీసుకుపోయింది అదే. చిత్తూరు మార్కెట్లో మామిడికాయల వేలం జరుగుతుండగా కుడిచెయ్యి లేవడం లేదన్నాడు. సాయంత్రానికి మాట పోయింది, మర్నాటికి మనిషి పోయాడు. తల తిరగడం తగ్గింది కదా అని అంతకుముందే బీపీ మాత్రలు మానేసి ఉన్నాడు.

నా సంగతి కొంత చెప్పాలి. చాలా ఏళ్ళ కిందట మెదడు అడుగున ఉండే చిన్న గ్రంథి మీద గడ్డ వస్తే ఆపరేషన్ చేసి తీశారు. గడ్డతోపాటు గ్రంథి పని కూడా పోయింది. అప్పటినుంచి నా ఒంట్లో మగ హార్మోన్ తయారు కాదు. మూడు వారాలకొకసారి టెస్టోస్టెరాన్ సూది వేయించుకుంటాను. జనం అనుకునే కారణానికి కాదు. సూది మొదలుపెట్టక ముందు ఏడాదిపాటు, నేను పనిచేసే కోర్టు మెట్లు ఎక్కలేకపోయాను. పుస్తకం పట్టుకుంటే పేజీ చివరికి వచ్చేసరికి మొదట ఏముందో గుర్తుండేది కాదు. గుర్తుండాలన్న కోరిక కూడా ఉండేది కాదు. నాకు భార్యాపిల్లలు లేరు. అన్నావదినల ఇంట్లోనే ఉంటాను. చదవడం కూడా పోతే నాకు మిగిలేది తక్కువ.

అది ఏ సూదో ఇంట్లో అన్నకొక్కడికే తెలుసనుకునేవాణ్ణి. మా వీధిలో సూది వేసే కాంపౌండరుకు తెలుసు, మందు పేరు చదివాడు కాబట్టి. వేసినప్పుడల్లా ఒక మాట అనేవాడు.

"ఈ వయసులో యాడికి సార్ ఇంత తయారు?"

"కోర్టుకప్పా," అనేవాణ్ణి.

తిరుపతిలో నన్ను చూసే డాక్టరమ్మ బీపీ రెండుసార్లు కొలిచి, రక్తపరీక్ష చూసి, రక్తం చిక్కబడిందని చెప్పింది. కొందరికి ఈ సూదితో అలా అవుతుందట, బీపీ కూడా పెరుగుతుందట. మందు తగ్గించి వారానికొకసారి కొంచెం కొంచెంగా వేయించుకోమంది, బీపీ మాత్ర రాసింది. అప్పటికీ దిగకపోతే సూది ఆపాల్సి వస్తుందని కూడా చెప్పింది. తిరుగు బస్సు పూతలపట్టు దాటేదాకా ఆ మాటే తలలో ఉంది. అన్నలాగా పోకూడదు, ఆ ఏడాదిలోకి మళ్ళీ వెళ్ళకూడదు. రెండూ జరగాలి. అంతకుమించి నేనేమీ నిశ్చయించుకోలేదు.

పళ్ళు తోముకోగానే మాత్ర వేసుకోవడం మొదలుపెట్టాను. ఊరగాయ, అప్పడం మానేశాను. ఎండ ఎక్కకముందే నడిచి వచ్చేవాణ్ణి. కాసేపు కుదురుగా కూర్చుని బీపీ మిషనుతో కొలుచుకునేవాణ్ణి. అంకె కొంచెం దిగి ఆగిపోయింది. వదిన రోజూ చూస్తూనే ఉంది. సూది వేడి చేస్తోందని ఆమె నమ్మకం. ఒళ్ళు చల్లబడడానికి నేను కోర్టుకు పోయేముందు ఒక పెద్ద చెంబుడు, వచ్చాక ఒక చెంబుడు మజ్జిగ ఇచ్చేది. ఎండాకాలంలో అంతకన్నా మంచి మందు ఉందని నాకూ తోచలేదు.

తర్వాతసారి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ నేను ఏమేం తింటున్నానో అడిగింది. మానేసినవన్నీ చెప్పాను.

"ఇంకేం తాగుతారు?"

"మజ్జిగ, చలవకు."

"ఉప్పు వేసుకునా?"

ఉప్పు లేని మజ్జిగ ఒకటి ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు. మా ఇంట్లో దాన్ని తిండికింద లెక్కవేసినవాళ్ళు లేరు. చెంబు చెంబుకూ ఎంత ఉప్పు పడుతుందో ఆమె అడిగితే, చేత్తో పట్టి చూపించాను. బీపీని దిగనివ్వనిది ఆ ఉప్పేనంది.

వదినకు చెప్పకుండా ఆ మజ్జిగ పారబోసి ఊరుకోవచ్చు. కాని కూరలోనూ పులుసులోనూ ఉప్పు వేసేది ఆమే. ఆమెకు తెలియకుండా ఇది కుదిరే పని కాదు. చెబితే ఆమె ఏమనుకుంటుందో కూడా నాకు తెలుసు. అన్న కూడా ఆ మజ్జిగే తాగాడు.

ఇంటికి వచ్చేసరికి ఆమె వంటింటి గడప దగ్గర చింతపండులో గింజలు తీస్తోంది. ఎదురుగా కూర్చుని ముందు సూది సంగతి మొదలుపెట్టాను. ఎక్కడ ఆపాలో, ఏ మాట వాడాలో తెలియక తడబడుతుంటే ఆమె అడ్డుకుంది.

"అది ఏం సూదో మీయన్న అప్పుడే చెప్పినాడులే. నువ్వు సిగ్గుపడతావని నేను అడగలే. సంగతేందో చెప్పు."

చెప్పాను. ఉప్పు తగ్గకపోతే బీపీ దిగదు, దిగకపోతే సూది ఆపేస్తారు అన్నాను. మజ్జిగ మాట కూడా చెప్పాను. ఆమె చేతులు ఆగిపోయాయి.

"మీయన్నకూ అదే ఇస్తి గదా అబ్బయ్యా."

కాదని అనడం తేలిక. ఆమె నమ్మదు, నేనూ నమ్మను.

"ఉప్పు కొంచెం చెరుపు చేసే ఉంటాది వదినా. కానీ అన్న మాత్రలు మానేసినాడు. మానొద్దని నువ్వు ఎన్నితూర్లు పోరు పెట్టినావో నేను ఇన్నాను గదా."

ఆమె అడిగింది: "నువ్వు మానేస్తావా?"

"మాత్రా మానను, సూదీ మానను."

ఆమె మళ్ళీ గింజలు తీయడంలో పడింది. ఆ రోజు పులుసు చప్పగా ఉంది. ఇద్దరం తిన్నాం. ఆమె నాకు వేరుగా వండలేదు, ఆ తర్వాత కూడా వండలేదు.

మళ్ళీ తిరుపతి వెళ్ళే రోజున వదిన నాకన్నా ముందే తయారై వాకిట్లో నిలబడింది. నా బీపీ దిగింది. పూర్తిగా దిగలేదు కాని, సూది ఆపే అవసరం లేదని, రక్తం ఎంత చిక్కగా ఉందో మాత్రం ఎప్పటికప్పుడు చూస్తూ ఉండాలని డాక్టరమ్మ చెప్పింది. నేను లేచి కుర్చీ ఖాళీ చేశాను. ఎన్నడూ బీపీ చూపించుకోని వదిన అందులో కూర్చుని, చెంగు సర్దుకుని, చెయ్యి ముందుకు చాపింది.