ఎనిమిది పటాలు తగిలించిన డ్రైవరు

గోడకు ఎవరైనా పటం తగిలిస్తుంటే నాకు ఆ కడప డ్రైవరే గుర్తొస్తాడు. అరబ్బు దేశంలో, అల్ వుకైర్‌లో నేను వంట చేసిన ఇంట్లోనే వాడికీ డ్యూటీ. ఏ పని చేసినా ఒక కన్ను మూసి, తల వంచి చూసి, "సరిగ్గా ఉండాది గదా అవ్వా" అనేవాడు. నేను జవాబు చెప్పేలోపే వెళ్లిపోయేవాడు.

విచ్చలవిడిగా ఖర్చుపెట్టే పెద్దకొడుకుకు బుద్ధి రావాలని మేడం ఇంగ్లండు పాతకాలపు బొమ్మలు ఎనిమిది తెప్పించింది. మొదటి దాంట్లో తండ్రి ఆస్తి చేతికొచ్చినవాడు కొత్త కోటు కుట్టించుకుంటాడు. తర్వాత జూదం, జైలు. చివరికి పిచ్చాసుపత్రి. మావాడు వాటిని ఎడమ నుంచి కుడికి వరుసగా తగిలించాడు.

అరబ్బులు చదివేది కుడి నుంచి. కొడుకు అటునుంచే చూసుకుంటూ వచ్చి నవ్వాడు.

"బాగుందమ్మా. పిచ్చివాడు నయమై, జైలు దాటి, చివరికి కొత్త కోటు తొడుక్కున్నాడు."

మేడం డ్రైవరును పిలిచింది. "సాయంత్రానికి మార్చకపోతే నిన్ను ఊరికి పంపేస్తా. యల్లా, త్వరగా కానీ."

వాడు స్టూలెక్కాడు. స్టూలు నేనే పట్టుకుని, కొత్త మేకు ఒక్కటీ కొట్టనివ్వకుండా అన్నీ కుడి నుంచి ఎడమకు మార్పించాను. ఉద్యోగం నిలిచింది.

వాడూ జీతమంతా అత్తర్లకూ నల్లకళ్లద్దాలకూ తగలేసే రకమే. "నువ్వూ ఆ బొమ్మలు చూసి నేర్చుకోరా" అన్నాను.

వాడు ఎడమవైపు పిచ్చాసుపత్రి దగ్గర మొదలుపెట్టి, ఒక కన్ను మూసుకుని, కొత్త కోటు దాకా నడిచాడు.

"చూసినా అవ్వా. కడకు బాగుపడినాడు గదా."